నడిమి గీత

పెళ్లయిన పదకొండో రోజున రబాబ్ మళ్లీ ఆపరేషన్ థియేటర్‌లో అడుగుపెట్టింది. మోచేతుల దాకా కడుక్కున్న తడి చేతులు పైకెత్తి పట్టుకుని, వీపుతో తలుపు తోసుకుంటూ లోపలికి వచ్చేసరికి, ఇరవై ఆరేళ్లుగా అక్కడ పరికరాలు అందిస్తున్న నర్సు మార్సేల్ మూతిగుడ్డ వెనక నుంచే నాలుక ఆడించి, పెళ్లిళ్లలో ఆడవాళ్లు వేసే కేక ఒకటి వేసింది.

"పెళ్లికూతురొచ్చింది, దారివ్వండి! ఏమ్మా, నిద్ర సరిపోతోందా?"

"మిస్ మార్సేల్, పేషెంటు వింటుంది."

"మత్తిచ్చి పావుగంటయింది. వినేదల్లా మేమే. చెప్పు మరి!"

మత్తు డాక్టరు కిసుక్కున నవ్వాడు. రబాబ్‌కూ నవ్వొచ్చింది. ఆ రోజుల్లో ఆమెకు అన్నిటికీ నవ్వు వచ్చేది. అలెగ్జాండ్రియా ట్రాము గంట మోగినా నవ్వే, పక్కింటావిడ బాల్కనీలోంచి బుట్ట దించి ఉల్లిపాయలు తెప్పించుకుంటున్నా నవ్వే. ఆ ఉదయం ఆమె భర్త హాతెం ఉడకబెట్టిన గుడ్డుకు పెన్సిల్‌తో మీసాలు గీసి ఆమె బ్యాగులో పెట్టాడు. ట్రాములో దాన్ని తీసి చూసుకుని, పెంకు ఒలవడానికి మనసొప్పక మళ్లీ బ్యాగులో పెట్టేసుకుంది. గోరింట ఎరుపు ఇంకా అరచేతుల్లో ఉంది. దాని మీదే తెల్లటి గ్లవ్స్ తొడుక్కుంది.

బల్ల మీద ఉన్నావిడ పేరు నఈమా. కూతురి పేరుతో అందరూ ఉమ్ బస్మా అంటారు. కర్మూజ్ పేటలో ఆవిడకు ఫితీర్ కొట్టుంది. పిండిని చేతుల మీద తిప్పి గాల్లోకి ఎగరేసి, దుప్పటంత పలచగా సాగదీసి, నెయ్యి రాసి మడతలు పెట్టి పొయ్యిలో కాల్చే పెద్ద రొట్టె అది. భర్త పోయాక ఇరవై రెండేళ్లుగా అదే ఆవిడ బతుకు. చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో వచ్చిన జ్వరం గుండెలోని ఒక వాల్వును బిగదీసుకుపోయేట్టు చేసింది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు. పాత వాల్వు తీసి లోహపు వాల్వు పెట్టాలి. అందుకు ఛాతీ నడిమి ఎముకను పైనుంచి కింది దాకా కోసి తెరవాలి.

ఛాతీ తెరవడం రబాబ్ పని. వాల్వు పెట్టడం పెద్ద సర్జను డాక్టర్ ముఖ్తార్ పని. ఆయన పక్క గదిలో కూర్చుని గాజు గ్లాసులో నల్లటి టీ తాగుతాడు. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఇక్కడ గుండె కనిపిస్తూ ఉండాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, ఆయన నోటితో చెప్పిందీ కాదు. అయినా ఆ యూనిట్లో పనిచేసినవాళ్లందరికీ ఆ గ్లాసే గడియారం. పైగా రబాబ్ పెళ్లి సెలవు మీద వెళ్లేముందు ఆయన ఆమెతో, "వచ్చాక ఒక వాల్వు నీ చేత కుట్టిద్దాం, చూద్దాం" అన్నాడు.

చర్మం కోసింది. కొవ్వు, దాని కింద పలచటి పొర దాటితే ఎముక. రంపం పెట్టే ముందు చేయాల్సింది ఒకటుంది. పక్కటెముకల సందుల్లో రెండు వైపులా వేళ్లు పెట్టి ఎముక అంచులు తడిమి చూడాలి. వాటికి సరిగ్గా నడుమన, కాల్చే కడ్డీతో పైనుంచి కిందికి చుక్కలు పెట్టాలి. ఆ చుక్కల వెంటే రంపం పోవాలి. చర్మం మీది నడుమ ఎముకకు నడుమ కాదు. నిండైన రొమ్ములున్న ఆడవాళ్లను పడుకోబెట్టి పట్టీలు అంటించినప్పుడు చర్మం ఒక పక్కకు లాగుకుపోతుంది. ఈ మాట జూనియర్లకు రబాబే ఎన్నిసార్లు చెప్పిందో.

మార్సేల్ కడ్డీ అందించబోయింది.

"రంపం," అంది రబాబ్.

"చుక్కలు పెట్టుకోవా?"

"కనిపిస్తూనే ఉందిగా, మిస్ మార్సేల్."

రంపం గుర్రుమంది. కిందనుంచి గొంతు దాకా పట్టుమని పది సెకన్లు పట్టలేదు. తెరిచి చూసేసరికి రబాబ్ చెవుల్లో ఆ గుర్రు ఇంకా మోగుతూనే ఉంది. కుడివైపు ఎముక వెడల్పుగా, దిట్టంగా ఉంది. ఎడమవైపు, ముఖ్యంగా కింది సగంలో, పెన్సిలంత సన్నటి చీలిక మిగిలింది.

ఆమె ఆ అంచుల మీద తడి గుడ్డలు కప్పింది. రెండు వైపులా పట్టి ఎడం చేసే ఇనుప చట్రం బిగించి మర తిప్పింది. ఇక ఎవరికీ ఎముక కనిపించదు. అప్పుడే డాక్టర్ ముఖ్తార్ లోపలికి వచ్చాడు.

"నా టీ ఇంకా సగం కూడా కాలేదే! పెళ్లి నీకు బాగా కలిసొచ్చింది రబాబ్."

మూతిగుడ్డ వెనక ఆమె ముఖం విప్పారింది. ఆ సంతోషాన్ని తర్వాత తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేది. కోత వంకర పోయిందని తెలిసిన అర నిమిషానికే ఆ మెప్పు ఆమెకు తియ్యగా తగిలింది.

వాల్వు చక్కగా కూర్చుంది. గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టగానే పెద్దాయన వెళ్లిపోయాడు. మూయడం రబాబ్‌దే. ఉక్కు తీగలు ఆరు.

"ఎడమ పక్క పలచగా ఉంది తల్లీ," అంది మార్సేల్ మెల్లగా. "ఆ పక్క పక్కటెముకల్ని కలుపుతూ నిలువునా ఒక తీగ అల్లి, దాని మీద ఇవి బిగించు. ఇరవై నిమిషాల పని."

"ఇవి చాలులే."

అల్లితే ఎందుకు అల్లావో రిపోర్టులో రాయాలి. రాస్తే పెద్దాయన చదువుతాడు. ఆరు తీగలూ మెలితిప్పి, చర్మం కుట్టి, రిపోర్టులో అందరూ ఎప్పుడూ రాసే వాక్యమే రాసింది: ఛాతీ ఎముకను నడిమి గీత వెంట తెరవడమైనది.

మార్సేల్ ఆ రోజు ఇంకో పెళ్లి కేక వేయలేదు.

ఉమ్ బస్మా తొమ్మిదో రోజున ఇంటికెళ్లింది. మూడు నెలలపాటు టీ కెటిల్ కన్నా బరువైంది ఎత్తకూడదు, మంచం మీంచి లేచేటప్పుడు చేతులు ఊనకూడదు, దగ్గొస్తే దిండు గుండెకు హత్తుకోవాలి. ఇవన్నీ రబాబే చెప్పింది. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నన్నాళ్లూ మొలొఖియా ఆకుకూర తగ్గించాలని కూడా చెప్పింది.

"చేతులు కట్టేశారు, నోరూ కట్టేశారు. ఇంకేం మిగిల్చారు నాకు?" అని ఆవిడ నవ్వింది.

ఆరు వారాలు గడిచాయి. రబాబ్‌కు అవి ఆరు రోజుల్లా దొర్లాయి. నాలుగో అంతస్తులోని వాళ్ల బాల్కనీలోంచి రెండు మేడల మధ్య అరచెయ్యంత సముద్రం కనిపించేది. హాతెం దాన్ని "మన సముద్రం" అనేవాడు. అది చూస్తూ ఇద్దరూ ఒకే కప్పులో కాఫీ తాగేవాళ్లు, రెండో కప్పు కడగడం ఎందుకని. ఆ పెన్సిలంత ఎముక అప్పుడప్పుడూ గుర్తొచ్చేది. అతుక్కునే ఉంటుందిలే అని సర్దుకునేది.

తర్వాత ఒక సోమవారం ఓపీలో ఉమ్ బస్మా కనిపించింది. వెంట కూతురు బస్మా ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల, వేలికి కొత్త ఉంగరం.

"నువ్విచ్చిన గడియారం గట్టిగా కొడుతోంది డాక్టరమ్మా," అంది ఉమ్ బస్మా కుర్చీలో కూర్చుంటూనే. "మొదట్లో టిక్కు టిక్కుమని బుద్ధిగా ఉండేది. ఇప్పుడు దగ్గితే చాలు, టక్కుమంటోంది. మా వీధిలో నన్ను టైమెంతని అడుగుతున్నారు."

లోహపు వాల్వు టిక్కుమనడం మామూలే. కానీ ఏ వాల్వూ దగ్గినప్పుడు మాత్రమే టక్కుమనదు. రబాబ్ ఆవిడ ఛాతీ మీద అరచెయ్యి పరిచింది.

"ఒక్కసారి దగ్గమ్మా."

చేతి కింద రెండు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుని జారాయి.

"వాల్వే కదా?" అంది ఉమ్ బస్మా ఆశగా.

అవునమ్మా అనడానికి రబాబ్ నాలుక సిద్ధంగానే ఉంది. అతి కష్టమ్మీద దాన్ని ఆపుకుని, "ఎక్స్‌రే తీద్దాం," అంది.

ఎక్స్‌రేలో ఆరు తీగల్లో నాలుగు వరస తప్పాయి. సన్నటి వైపు ఎముకను కోసుకుంటూ పక్కకు వచ్చేశాయి. ఆ దారిన పోతున్న డాక్టర్ ముఖ్తార్ ఆగి, ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఉమ్ బస్మా వైపు తిరిగాడు.

"ఏమెత్తావమ్మా?"

ఆవిడ ముఖం ఒక్కసారిగా కందిపోయింది. తలగుడ్డ సర్దుకుంది. కూతురి వంక చూసింది.

"ఏమీ... ఒక్కటే సారూ. ఒక్కటంటే ఒక్కటే. పిల్లకి సంబంధం కుదిరింది. నిశ్చయం చేసుకుని ఫాతిహా చదవడానికొచ్చారు. పెళ్లికొడుకు తల్లి 'వదినగారి చేతి ఫితీర్ తినకుండా కదలను' అని కూర్చుంది. ఒక్కటి... చిన్నది..."

"చిన్నదా?" బస్మా అందుకుంది. "మంచమంత! నేను చేస్తానంటే వినలేదు సార్. నీ చేతిలో అది పాత చొక్కాలా చిరుగుతుందే అంది!"

"మేం నాలుగు గంటలు నిలబడి నీ గుండె బాగుచేస్తే, నువ్వు నాలుగు నిమిషాల్లో పిండితో పాటు దాన్నీ ఎగరేశావన్నమాట," అన్నాడు డాక్టర్ ముఖ్తార్. తలుపు తెరిచే ఉంది. బయట క్యూలో ఉన్నవాళ్లు మెడలు చాచారు. ఎవరో అయ్యో అన్నారు, ఎవరో నవ్వారు. "ఇప్పుడు మళ్లీ తెరిచి తీగలు కట్టాలి. వార్డులో చేరు."

ఉమ్ బస్మా ఏడ్చేసింది. గొంతెత్తి కాదు, చిన్నపిల్ల దొరికిపోయినట్టు, ముక్కు చీదుకుంటూ. తర్వాత రబాబ్ చెయ్యి పట్టుకుంది.

"అంత ఒద్దికగా చేశావు తల్లీ. చేతులారా పాడుచేసుకున్నాను. నీ పేరు చెడగొట్టాను. నన్ను క్షమించు." రబాబ్ లాక్కునే లోపే ఆ చేతిని ముద్దు పెట్టుకుంది.

"ఫర్వాలేదమ్మా," అంది రబాబ్.

అనేసింది. తప్పు చేసినది తాను, క్షమించిందీ తానే.

ఆ సాయంత్రం హాతెం చేపలు వేయించి, వాటి మీద నిమ్మ ముక్కలతో ఆమె పేరు రాశాడు. చివరి అక్షరానికి నిమ్మకాయ చాలక వెల్లుల్లి వాడాడు. రబాబ్ దాన్ని చూసి నవ్వబోయి ఏడ్చింది. అతను బెదిరిపోయాడు. వెల్లుల్లి వల్ల కాదని చెప్పడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. చెప్పడం మొదలుపెట్టాక రంపం దగ్గర్నుంచి ముద్దు దాకా అంతా చెప్పేసింది.

హాతెం కెమిస్ట్రీ పంతులు. కారణం, ఫలితం విడదీసి చూడటం అలవాటు. "ఆవిడ పిండి ఎగరేసిన మాట నిజమే కదా. దాని వల్ల కూడా కావచ్చుగా?"

"సరిగ్గా మధ్యన కోసి ఉంటే, ఒక్కటి కాదు, పది ఎగరేసినా ఆ ఎముక నిలబడేది."

అతను చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. "ఎవరికైనా చెప్పావా?"

"నీకు."

"నాకు చెప్పి ఏం లాభం రబాబ్? తెగింది నా ఛాతీ కాదుగా."

ఆ మాటలో కోపం లేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

రక్తం పలచబడే మాత్ర ఆపి, దాని ప్రభావం తగ్గేదాకా నాలుగు రోజులు ఆగాలి. ఆ నాలుగు రోజులూ ఉమ్ బస్మా ఆడవాళ్ల వార్డులో ఉంది. రబాబ్ రోజూ రెండుసార్లు ఆ మంచం ముందు నుంచి పోవాలి. మొదటి రోజు ముందు పక్క మంచాన్ని, తర్వాత వెనక మంచాన్ని చూసి, ఉమ్ బస్మా దగ్గరికి వచ్చేసరికి ఫోను వచ్చినట్టు బయటికి జారుకుంది. రెండో రోజు ఆవిడే పిలిచింది.

"డాక్టరమ్మా, నా మీద కోపం పోలేదా?"

"అయ్యో, కోపమేంటమ్మా."

"ఉంటుందిలే. నాకే నా మీద ఉంది." ఆవిడ తన చేతులు ఒళ్లో బోర్లించుకుని వాటిని ఎవరివో అన్నట్టు చూసింది. "పిండి సాగదీసే మార్బుల్ బండ అమ్మేయమని చెప్పాను బస్మాకి. మూలనున్న మిఠాయి కొట్టువాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. శుక్రవారం వచ్చి తీసుకుపోతాడు. ఈ చేతులు ఇక పిండి ముట్టవు. బాగయ్యాక కూడా ముట్టవు. ప్రమాణం చేసుకున్నాను."

"అదేంటి? మూడు నెలలయ్యాక మామూలుగా..."

"వద్దమ్మా. నాలో ఆశ ఎక్కువ. పిండి కనబడితే ఆగలేను. అందుకే ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. కూతురు మాట్లాడటం లేదు. వియ్యపురాలు ఫోను చేసి 'అయ్యో వదినా, నా నోటి దురద వల్లే' అని ఏడుస్తోంది. రొట్టె బాగానే తిందిలే, మూడు ముక్కలు!" అని నవ్వబోయింది. ఎముక టక్కుమంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

రబాబ్ దిండు తీసి ఆవిడ గుండెకు ఆనించి పట్టుకుంది. ఇంకేమీ చేయలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎక్స్‌రే తీసుకుని డాక్టర్ ముఖ్తార్ గదికి వెళ్లింది. ఆయన టీలో చక్కెర కలుపుతున్నాడు.

"సార్, ఉమ్ బస్మా ఎముకను నేను గీత తప్పి కోశాను. చుక్కలు పెట్టుకోలేదు. ఎడమవైపు పెన్సిలంతే మిగిలింది. మార్సేల్ చెప్పినా తీగ అల్లలేదు. రిపోర్టులో నడిమి గీత అని రాశాను."

ఆయన చెంచా ఆపలేదు. "ఎక్స్‌రేలో చూశాను."

రబాబ్‌కు మొదట అర్థం కాలేదు. "చూశారా? మరి ఆమెను ఎందుకు తిట్టారు?"

"తిట్టానా? ఏమెత్తావని అడిగాను. ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను. ఏమీ ఎత్తలేదు అన్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. నీళ్ల బకెట్టు, గ్యాసు సిలిండరు, దూడపిల్ల. ఇళ్లల్లో ఏదో ఒకటి ఎత్తకుండా రోజు గడుస్తుందా?" గ్లాసు పైకెత్తి రంగు చూశాడు. "నీలాగే నేనూ ఒకప్పుడు కోశాను. మా పెద్దాయన కూడా ఇదే ప్రశ్న అడిగాడు, నా పేషెంటును. నేను నిలబడి విన్నాను. అట్లా నిలదొక్కుకుంటాం. రేపు నేనే తెరిచి, ఆ తీగ అల్లి మూస్తాను. తీగలు ఎముకను కోసుకుపోయాయని రాద్దాం. అబద్ధం కాదు."

"ఆమె బండ అమ్మేస్తోంది సార్."

"ఏ బండ?"

ఆయనకు తెలియదు. ఆవిడ ఏం చేసి బతుకుతుందో కూడా ఆయనకు తెలియదని రబాబ్‌కు అప్పుడే తట్టింది. చెప్పింది. ఆయన విన్నాడు. టీ తాగలేదు.

"చెప్పాలనుంటే వెళ్లి చెప్పు," అన్నాడు చివరికి. "నేను ఆపను. కానీ వాల్వు కుట్టే సంగతి ఇప్పట్లో నన్ను అడగకు."

"అడగను సార్."

వార్డులో ఉమ్ బస్మా పాలు తాగుతోంది. రబాబ్ మంచం అంచున కూర్చుంది. పేషెంట్ల మంచం మీద కూర్చోకూడదని డాక్టర్లకు నేర్పుతారు. గొంతు తగ్గించి, ఎముక అంటే ఏంటో, నడుమ అంటే ఏంటో, తాను ఏం చేయకుండా వదిలేసిందో చెప్పింది.

ఉమ్ బస్మా గ్లాసు పక్కన పెట్టింది. "అంటే... ఈ చేతులు కాదా?"

"కాదమ్మా."

"నీకెప్పుడు తెలిసింది?"

"కోసిన రోజే."

"మరి మొన్న నేను నీ చెయ్యి ముద్దు పెట్టుకున్నప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

"ఫర్వాలేదన్నావు."

"అన్నాను."

ఆవిడ అరుస్తుందని, తిడుతుందని, బహుశా కొడుతుందని కూడా రబాబ్ ఆశపడింది. ఆవిడ అవేమీ చేయలేదు. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఇటు తిరగకుండానే అంది:

"ఇంత మెల్లగా చెబుతున్నావేం? సారు నన్ను అన్నప్పుడు క్యూ అంతా విన్నది. మా పేటలో టీకొట్టు దాకా పాకింది. మధ్యాహ్నం బస్మా వస్తుంది. అప్పుడు మళ్లీ చెప్పు. గట్టిగా."

మధ్యాహ్నం చూడటానికి వచ్చేవాళ్ల వేళకు వార్డు సంతలా ఉంది. సంచులు, పిల్లలు, నారింజ తొక్కల వాసన. బస్మా వచ్చి తల్లి మంచానికి దూరంగా ముడుచుకుని నిలబడింది. రబాబ్ రెండు వరసల మంచాల మధ్య నిలబడింది. పెళ్లి వేదిక మీద కూడా ఆమె ముఖం ఇంత వేడెక్కలేదు.

"బస్మా, మీ అమ్మ ఎముక విడిపోయింది ఫితీర్ వల్ల కాదు. నా వల్ల. నేను తప్పుగా కోశాను. దాచిపెట్టాను. మీ అమ్మను తిడుతుంటే పక్కనే నిలబడి ఊరుకున్నాను."

సంచుల చప్పుడు ఆగింది. ఎవరో పిల్లాడి నోరు మూశారు.

"రెండ్రోజులు నేను మా అమ్మతో మాట్లాడలేదు," అంది బస్మా. "అమ్మ పాలు తాగనంటే తాగకపోతే పో అన్నాను. మీరు డాక్టరా, ఏంటి మీరు?" తర్వాత రబాబ్‌ను దాటుకుని వెళ్లి తల్లి మెడ పట్టుకుంది, గుండెకు తగలకుండా పక్కనుంచి.

"రేపు ఎవరు తెరుస్తారు?" అని ఉమ్ బస్మా కూతురి భుజం మీంచి అడిగింది.

"పెద్ద సారే. నేను ముట్టను."

"నువ్వు కూడా లోపలే ఉండు. చుక్కలు పెట్టారో లేదో చూడు." అంతే అంది. క్షమించానని అనలేదు. రబాబ్ అడగనూ లేదు.

వెళ్లడానికి తిరిగింది. కిటికీ పక్క మంచంలో ముసలావిడ ఒకామె, రెండున్నర నెలల కింద గుండె ఆపరేషన్ చేయించుకుని మళ్లీ చేరినావిడ, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని కష్టంగా లేచి కూర్చుంది.

"డాక్టరమ్మా, నన్ను కూడా అడిగారు సారు, ఏమెత్తావని. మనవణ్ణి ఎత్తుకున్నానన్నాను. అప్పట్నుంచి వాణ్ణి దగ్గరికి రానివ్వడం లేదు. రెండేళ్లు వాడికి. తలుపు దగ్గరే నిలబడి చూస్తాడు." ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించకుండానే అడిగింది. "నాది కూడా...?"

ఆవిడ ఛాతీ ఎవరు తెరిచారో రబాబ్‌కు తెలియదు. ఆ వారమంతా తాను సెలవులో ఉంది, పెళ్లి గౌను కుట్టించుకుంటూ.

"తెలియదమ్మా," అంది. "ఇప్పుడే మీ ఎక్స్‌రే తెచ్చి చూస్తాను. ఏం కనిపిస్తే అదే చెబుతాను."

ఆమె తలుపు దాకా వెళ్లేలోపు వెనక ఇంకెవరో లేచి కూర్చోబోతే ఇంకో మంచం కిర్రుమంది.